దూడ నడక: నాలుగు కాళ్ల రోబో ప్రాజెక్టు డైరీ, బెజవాడ

ఏప్రిల్ 27, ఆదివారం

ఇవ్వాళ లెక్కపెట్టి మరీ చూసా. పదకొండు సార్లు పడింది, పదకొండు సార్లూ ఒకే వైపుకి. ముందు ఎడమ కాలు గాల్లోకి లేస్తది, అర సెకను ఏమీ కానట్టే నిలబడతది, ఆ తర్వాత మెల్లగా ఎడమకి ఒరిగి మూతి నేలకేసి కొట్టుకుంటది. వంటింట్లోంచి మా ఆవిడ ఆ చప్పుడు విని "పన్నెండా?" అంటోంది, లెక్క ఆవిడ దగ్గర కూడా ఉన్నట్టుంది.

ఇప్పటిదాకా జరిగింది కాస్త రాసి పెట్టుకుంటా, ఆర్నెల్లాగి చదివితే నాకే గుర్తుండదు. నాది ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ పని, సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, లారీ వైరింగ్. మా అక్క కూతురు బీటెక్ ఈసీఈ రెండో ఏడు, ఆదివారం ఆదివారం మా ఇంటికొస్తది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోన్లో కుక్కలా నడిచే రోబో వీడియో చూపించి "మావయ్యా, మనం ఒకటి చేద్దాం, కోడ్ నేను రాస్తా, మిగతాదంతా నువ్వు చూస్కో" అంది. మిగతాదంతా అంటే ఎంతో అప్పుడు అడగలా.

దీని పేరు దూడ. పేరు పాపే పెట్టింది, ఇరవై ఏళ్లొచ్చినా ఇంట్లో అందరికీ అది పాపే. కాలికి మూడు సెర్వోలు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే గేరు మోటార్లు), ఒకటి కాలిని పక్కకి తిప్పేది, ఒకటి తొడకి, ఒకటి మోకాలికి, నాలుగు కాళ్లకి పన్నెండు. అన్నీ ఎంజీ996ఆర్, ఒక్కోటి 55 గ్రాములు, అంటే ఇంకేమీ పెట్టకముందే సెర్వోల బరువే 660 గ్రాములు. తొడ 10 సెం.మీ., పిక్క 10 సెం.మీ. ముందు పాదాలకీ వెనక పాదాలకీ మధ్య 24 సెం.మీ., కుడి ఎడమల మధ్య 14. మెదడు ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, సెర్వోలకి సిగ్నల్ పంపేది పీసీఏ9685 బోర్డు, బ్యాటరీ 7.4 వోల్టుల లైపో.

పాదం ఎక్కడుండాలో చెబితే ఏ సెర్వో ఎన్ని డిగ్రీలు తిరగాలో లెక్కగట్టే ప్రోగ్రాం పాప రాసింది, ఇంటర్‌లో చదివిన త్రిభుజం కొసైన్ సూత్రమే, బ్రహ్మవిద్యేం కాదంట. నాకొచ్చిన తలనొప్పి వేరే. సెర్వో షాఫ్ట్‌కి 25 పళ్లుంటాయి, వాటి మీద బిగించే చిన్న చెయ్యిని హార్న్ అంటారు, హార్న్‌ని ఒక పన్ను అటు పెట్టినా ఇటు పెట్టినా 14.4 డిగ్రీల తేడా, సరిగ్గా నిటారుగా కూర్చోవడమనేది ఉండదు. వడ్రంగి మూలమట్టం ఆనించి ఎంత వంకర ఉందో చూసి ఆ తేడాని కోడ్‌లో సరిచేయాలి. పన్నెండు కీళ్లకి పన్నెండు సవరణ అంకెలు గోడ మీద పెన్సిల్‌తో రాసా. మా ఆవిడ అది కూడా చూసింది.

మే 1, గురువారం

మేడే, షాపు సెలవు. పాప రాలేదు గానీ నేనొక్కణ్ణే కూర్చున్నా.

నా పని కరెంటు కాబట్టి నా అనుమానం ముందు కరెంటు మీదకే పోయింది. మీటర్ పెట్టి చూస్తే ఊరికే నిలబడ్డప్పుడు సెర్వోల దగ్గర 5.9 వోల్టులు, కాళ్లన్నీ ఒకేసారి కదిలినప్పుడు 4.3. మధ్యలో ఈఎస్‌పీ32 ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి ఆన్ అవుతోంది. ఇది నాకు రోజూ కనపడేదే, లారీ సెల్ఫ్ కొడితే హెడ్‌లైట్లు డిమ్ అవుతాయే, అదే. ఈ సెర్వో ఎక్కడైనా ఇరుక్కుంటే 6 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపియర్లు లాగుతది, పన్నెండూ ఇరుక్కుంటే 30. మేమేమో అన్నిటికీ కలిపి 3 ఆంపియర్ల బక్ కన్వర్టర్ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చేది) ఒక్కటి పెట్టి, అది కూడా పీసీఏ బోర్డు మీదున్న సన్న గీతల గుండా తోలుతున్నాం. సందులో లారీ దూర్చినట్టు.

మార్చింది ఏంటంటే, కాలికొకటి చొప్పున 5 ఆంపియర్ల బక్‌లు నాలుగు, బ్యాటరీ నుంచి ఒకటిన్నర స్క్వేర్ వైరు నేరుగా, బోర్డు మీద సిగ్నల్ తప్ప ఇంకేం పోదు. ప్రతి కాలి దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. మెదడుకి వేరే చిన్న బక్. అంతా అయ్యాక స్విచ్ వేస్తే పన్నెండు సెర్వోలూ చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణికాయి, గంట సేపు కోడ్‌ని తిట్టుకున్నా, తీరా చూస్తే మెదడు ఎర్త్‌ని సెర్వోల ఎర్త్‌తో కలపలేదు. ఇరవై రెండేళ్లుగా ఎర్త్ చూడు ఎర్త్ చూడు అని కుర్రాళ్లని అరిచేవాణ్ణి.

ఎర్త్ కలిపా, వణుకు పోయింది, వోల్టేజీ 5.6కి తగ్గట్లేదు. ముందు ఎడమ కాలు లేపా. పడింది. "పన్నెండు" అని వినపడింది లోపల్నించి.

మే 4, ఆదివారం

ఇవ్వాళ పాప గచ్చు మీద చాక్‌పీసుతో క్లాసు చెప్పింది. దూడని నిలబెట్టి నాలుగు పాదాల చుట్టూ సున్నాలు చుట్టింది, కలిపితే 24 బై 14 డబ్బా. "ఒక కాలు లేపితే మూడు మిగుల్తాయి కదా మావయ్యా, ఆ మూడూ కలిపితే త్రికోణం. ఒంటి బరువు మొత్తం ఒక చోట ఉందనుకుని అక్కణ్ణించి గుండు తాడు వేలాడదీస్తే ఆ గుండు త్రికోణం లోపల పడాలి. బయట పడిందో, ఆ అంచు మీదుగా తిరగబడిద్ది." తాపీ మేస్త్రి గుండు తాడు ఇంట్లో ఉంది, పొట్ట కింద వేలాడదీశాం.

ఇక్కడే ఒక సంగతి నాకు బాగా ఎక్కింది. ముందు ఎడమ కాలు లేపితే మిగిలిన త్రికోణం పొడుగు అంచు ముందు కుడి నుంచి వెనక ఎడమకి పోయే అడ్డగీత, అది డబ్బాకి సరిగ్గా నడిమధ్య నుంచి పోతది. అంటే బరువు అంగుళం కూడా తేడా లేకుండా మధ్యలో ఉన్నా సరే కాలు లేపగానే దూడ గోడ మీద పిల్లి లెక్క, అటన్నా పడొచ్చు ఇటన్నా పడొచ్చు. ఇక మధ్యలో లేకపోతే చెప్పేదేముంది.

మధ్యలో ఉందా లేదా చూడ్డానికి అరంగుళం పీవీసీ పైపు అడ్డంగా పెట్టి దాని మీద దూడ పొట్ట ఆన్చి అటూ ఇటూ జరిపాం. మధ్య కన్నా 2 సెం.మీ. ముందు తూగింది. బరువు కిరాణా కొట్టు కాటా మీద 1.8 కిలోలు. దోషి ఎవరో వెంటనే తెలిసింది, తల. నేనే ముచ్చటపడి ఇనుప రేకు వంచి, కొమ్ములు పెట్టి, కళ్ల చోట అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించి చేసిన తల, బ్రాకెట్‌తో కలిపి 240 గ్రాములు, మధ్య నుంచి 15 సెం.మీ. ముందు వేలాడుతోంది. 240 ఇంటూ 15, భాగారం 1800, సరిగ్గా 2.

పాప బ్యాటరీ వెనక్కి జరుపుదామంది. బ్యాటరీ 120 గ్రాములు. ఆ 2 సెం.మీ. సరిచేయాలంటే దాన్ని 30 సెం.మీ. వెనక్కి జరపాలి, తోక చివర కట్టాలన్నమాట. తల తీసేద్దాం అన్నా నేను. "తల లేకపోతే దూడ ఎట్లా అవుద్ది మావయ్యా, బల్ల అవుద్ది."

సరే, బరువుని కాళ్ల మీదకి తేవడం కుదరనప్పుడు కాళ్లనే బరువు కిందకి తీసుకెళ్దామని నాలుగు పాదాలనీ కోడ్‌లోనే 2 సెం.మీ. ముందుకి జరిపాం. ఇప్పుడు బొమ్మా బొరుసా అన్నట్టు ఒకసారి నిలబడిద్ది ఒకసారి పడిద్ది. ఇంకా జరిపి మూడున్నర చేశాం, ముందు కాలు లేపితే దర్జాగా నిలబడింది, ఇద్దరం చప్పట్లు కొట్టాం, వెనక కాలు లేపగానే కుక్క కూర్చున్నట్టు వెనక్కి కూర్చుంది. మా ఆవిడకి ఈ కొత్త చప్పుడు ఏ పద్దు కింద రాయాలో తెలీలా.

మే 11, ఆదివారం

వారమంతా పని కాలేదు. కాలి ముక్కలు మొదట త్రీడీ ప్రింట్ చేయించినవి, పీఎల్ఏ ప్లాస్టిక్. కొత్తగా చేయించిన నాలుగు పిక్కలు తెచ్చి స్కూటర్ డిక్కీలో పెట్టి మధ్యాహ్నం షాపు బయట ఎండలో వదిలేసా. బెజవాడ మే నెల ఎండ, డిక్కీ లోపల ఎంత కాగిందో మరి, పీఎల్ఏ 60 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడే సరుకు. సాయంత్రం తీస్తే నాలుగూ చేగోడీల్లా వంకర్లు తిరిగున్నాయి.

మా పక్క షాపులో అల్యూమినియం పట్టీ తుక్కు దొరికింది, 20 మి.మీ. వెడల్పు 2 మి.మీ. మందం, కోసి బెజ్జాలు వేసుకున్నా, ముక్క 11 గ్రాములు కూడా లేదు. ఇది ఆటోనగర్‌లో ఉండి ప్లాస్టిక్ కోసం తిరిగినందుకు నాకు నేను వేసుకున్న మొట్టికాయ. సవరణ అంకెలు మళ్లీ కొత్తగా, గోడ మీద పాతవి కొట్టేసి పక్కన.

మే 18, ఆదివారం

ఇవ్వాళ్టి పని బయట. యనమలకుదురు వైపు కాలవ గట్టు మీద పొద్దున్నే గేదెలు తోలుకెళ్తారు, ఫోన్లో స్లోమోషన్ పెట్టి తీద్దామని పాప ఐడియా. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఆయన పరిగెత్తే గుర్రాన్ని వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీస్తేనే నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉంటాయని ఖాయంగా తెలిసిందంట. ఆయనకి డజను కెమెరాలు కావాల్సొచ్చింది, మనకి ఒక ఫోను చాలు. గేదెలు తోలే పెద్దాయన మాత్రం "ఏందమ్మా, గేదె నడిస్తే కూడా వీడియోనా" అని నవ్వి, మంచివాడు, ఒకదాన్ని మా ముందు నుంచి రెండుసార్లు తిప్పాడు.

ఇంటికొచ్చి ఫ్రేము ఫ్రేము చూశాం. వరస ఇది: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. మేము దూడకి పెట్టిందేమో ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, అంటే ఐమూలగా. ఐమూలగా అయితే ప్రతి అడుక్కీ బరువు ఈ పక్క నుంచి ఆ పక్కకి తోయాలి, నాలుగు అడుగులకి నాలుగు తోపులు. గేదె వరసలో ఎడమ వెనక, ఎడమ ముందు రెండూ లేచేదాకా ఒళ్లు కుడి పక్కనే ఉంటే చాలు, తర్వాత ఒక్కసారి ఎడమకి. రెండే తోపులు.

ఇంకోటి, వెనక కాలు ఎందుకు ముందు? అది వచ్చి ముందు గిట్టకి దగ్గరగా పడిద్ది, పడ్డాకే ముందు గిట్ట లేస్తది. అట్లా వెనక పాదం పొట్ట కిందకి రావడంతో త్రికోణం కూడా ముందుకి జరుగుతది. చాక్‌పీసుతో గీసి కొలిస్తే మా డబ్బాలో వెనక పాదం 5 సెం.మీ. ముందుకొచ్చాక అడ్డగీత మధ్య నుంచి దాదాపు ఒకటిన్నర సెం.మీ. పక్కకి తప్పుకుంది, అంటే ఒళ్లు కదపకుండానే ముందు కాలు లేపడానికి ఆ మేరకు చోటు దొరికినట్టే. ఇదే సంగతి 1968లోనే మెక్‌గీ, ఫ్రాంక్ అని ఇద్దరు లెక్కగట్టి చూపించారంట, నాలుగు కాళ్ల మీద నింపాదిగా పాకేటప్పుడు అన్ని వరసల్లోకీ ఇదే ఎక్కువ నిలకడ అని. గేదె ఏ లెక్కా చదవలా.

తర్వాత చూసింది ఇంకా ముఖ్యం, మూడోసారి చూస్తే గానీ నా కంటికి ఆనలా. వీడియోలో కాళ్లే చూస్తున్నాం ఇద్దరం. పాప వేలు పెట్టి "తుంటి చూడు మావయ్యా" అంది. ఎడమ వెనక కాలు లేవబోయే ముందే, గిట్ట ఇంకా బురదలోనే ఉండగానే, తుంటి ఎముక కుడి పక్కకి జారుతోంది. ఒళ్లు ముందు, కాలు తర్వాత. కాలు లేచేసరికి దాని మీద బరువే లేదు, బురదలోంచి ఊరికే ఊడొచ్చినట్టు లేస్తది. మేము ఇన్నాళ్లూ చేసింది, బరువున్న కాలుని లాగి పారేసి తర్వాత పడకుండా చూసుకోవడం.

రాత్రి పదింటిదాకా కూర్చుని పెట్టాం. పాదాలు కదలకుండా ఒళ్లు మాత్రం జరగాలి, అంటే పన్నెండు సెర్వోలూ కలిసి పనిచేయాలి. ముందుకీ వెనక్కీ జరపాలా పక్కకి జరపాలా అని చిన్న గొడవ. చాక్ గీతల మీదే కొలిచాం: 2 సెం.మీ. వెనక్కి జరిపితే గుండు అడ్డగీతకి 1 సెం.మీ. లోపలికి పోయింది, అదే 2 సెం.మీ. పక్కకి జరిపితే 1.7. దూడ పొడుగెక్కువ వెడల్పు తక్కువ కాబట్టి అడ్డగీత పొడుగు వైపు వాలుంటది, పక్కకి జరిగితేనే దాన్నుంచి త్వరగా దూరం పోతాం. గేదె కూడా పక్కకే ఊగుతోంది మరి.

పాదాలు 2 సెం.మీ. ముందుకి, ఒళ్లు పక్కకి 2, గేదె వరస. ఎడమ వెనక, నిలబడింది. ఎడమ ముందు, నిలబడింది. ఊగింది. కుడి వెనక. కుడి ముందు. మళ్లీ. నాలుగు చుట్లు (చుట్టంటే నాలుగు కాళ్లూ ఒక్కో అడుగు) నడిచి సోఫా కాలికి గుద్దుకుని ఆగింది. మా ఆవిడ వచ్చి చూసి ఏం మాట్లాడకుండా దానికి అడ్డమున్న స్టూలు తీసి పక్కన పెట్టింది.

మే 25, ఆదివారం

నడక వచ్చింది గానీ పది నిమిషాలకే తొడ సెర్వోలు వేలు ఆన్చలేనంత కాలుతున్నాయి. కారణం పాదాలు ముందుకి జరిపిన ఆ 2 సెం.మీ. పాదం తొడ కీలుకి సరిగ్గా కింద ఉంటే బరువు నిలువుగా దిగిపోద్ది, పక్కకి ఉంటే ఆ దూరం ఇంటూ బరువు అంతా ఆ సెర్వోయే మోయాలి, నిలబడ్డంతసేపూ. తల బరువుని మూతితో కాకుండా తొడలతో మోయిస్తున్నామన్నమాట.

కాబట్టి మళ్లీ తల దగ్గరికే వచ్చాం. ఇబ్రహీంపట్నంలో ఒక క్రేన్ వైరింగ్ పని పడింది, అక్కణ్ణించి కొండపల్లి దగ్గరే కదా అని బొమ్మల కాలనీకి పోయి ఒక ఇంట్లో తెల్ల పొణికి చెక్క ముక్క అడిగా. ఈ చెక్క చేత్తో పట్టుకుంటే థర్మోకోల్‌కి కొంచెం పై మెట్టు అన్నట్టుంటది. వాళ్లు దాన్ని చెక్కే ముందు సన్న సెగ మీద కాచి తేమ తీస్తారు. ముక్కలు అతకడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు. అక్కడి పెద్దావిడ దూడ తల అంటే నమ్మలా, ఫోన్లో చూపించాక "అయితే చెవులు విడిగా చేసి మక్కుతో అతికించు, ఒకే ముక్కలో చెక్కితే నీ చేతిలో విరుగుద్ది" అంది. నా చేతిలో నిజంగానే ఒకటి విరిగింది, ఆమె చెప్పినట్టు రెండోది చేశా.

చెక్క మెత్తన కాబట్టి స్క్రూ నేరుగా బిగిస్తే పట్టు ఆగట్లేదు, రెండు తిప్పులకే పొడి పొడి అయిపోయి గుండ్రంగా తిరుగుద్ది. అవతల పక్క నుంచి పొడుగు బోల్టు దూర్చి రెండు వైపులా వెడల్పు వాషర్లు పెట్టాను. కొత్త తల సెన్సర్‌తో సహా 60 గ్రాములు. మొత్తం బరువు 1.62 కిలోలు, పైపు మీద పెడితే మధ్య నుంచి అర సెంటీమీటరే తేడా. పాదాలు తిరిగి కీళ్ల కిందకి వచ్చేశాయి. పాత ఇనుప తలని షాపులో మేకుకి తగిలించా, కస్టమర్లు దిష్టిబొమ్మ అనుకుంటున్నారు, అననీ.

జూన్ 1, ఆదివారం

ఇవ్వాళ చిన్న చిన్నవి మూడు.

మోకాలు వేడి. దూడ బాగా కూర్చున్నట్టు నడుస్తోంది, కీలు నుంచి పాదానికి 15 సెం.మీ. ఆ వంపులో మోకాలు నిలువు గీత నుంచి 6.6 సెం.మీ. బయటికి పొడుచుకొస్తది. ఒక కాలి మీద ఎక్కువలో ఎక్కువ 800 గ్రాములు పడ్డాయనుకుంటే మోకాలికి పడే మెలి (బరువు ఇంటూ దూరం) 5.3 కిలో సెం.మీ. ఈ సెర్వో 4.8 వోల్టుల దగ్గర పూర్తిగా ఆగిపోయేది 9.4 దగ్గర, అంటే సగం పైనే లోడు. ఎత్తు 18కి పెంచితే మోకాలు 4.4 సెం.మీ.కి లోపలికొచ్చింది, లోడు 3.5. అర్ధగంట నడిపినా గోరువెచ్చగానే ఉంది. ఏనుగు కాళ్లు స్తంభాల్లా నిటారుగా ఉండేది, ఎలక మాత్రం ఎప్పుడూ ముడుచుకుని ఉండగలిగేది ఇందుకేనంట, ఒళ్లు పెరిగేకొద్దీ వంగిన మోకాలుతో మోయడం కండకి తలకి మించిన భారం.

పాదాలు. గచ్చు మీద అల్యూమినియం జారుతోంది. పాత హవాయి చెప్పు కోసి అడుగున అతికించా. నీలం రంగు గిట్టలు. ముక్క మందం నాలుగు పాదాలకీ ఒకటే ఉండేలా చూసుకోవాలి, మొదటిసారి మడమ వైపు అరిగిన చోట కోసి పెట్టి అరగంట బుర్ర గోక్కున్నాం, ఎందుకు కుంటుతోందా అని.

లేవడం. ఒకేసారి నాలుగు కాళ్లూ చాపి లేస్తే డీసీ టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) 11 ఆంపియర్లు చూపిస్తోంది. గేదె అట్లా లేవదు, ముందు మోకాళ్ల మీద ఉండి వెనక భాగం లేపి తర్వాత ముందు కాళ్లు చాపుతది, గుర్రం దానికి తిరగేసి, ముందు కాళ్లు ముందు. దూడ కాబట్టి గొడ్ల పద్ధతే పెట్టాం, 7 ఆంపియర్లు దాటలా. చూడ్డానికి కూడా అచ్చం అలాగే ఉంది, పాప వాళ్లమ్మకి వీడియో పంపితే మా అక్క ఫోన్ చేసి "దానికి కాస్త కుడితి పెట్టండ్రా" అంది.

జూన్ 8, ఆదివారం

నడక ఒకటే చాలదంట పాపకి, పరుగు కావాలంట. ట్రాట్ అంటే ఐమూల కాళ్లు రెండేసి కలిపి లేపడం. నేలమీద రెండే పాదాలు, అంటే త్రికోణమే లేదు, ఒక గీత. గుండు ఆ గీత మీద కచ్చితంగా నిలబడదు. పడుతూనే ఉండాలి, పడేలోపు రెండో జత దిగాలి.

ఎంత లోపు? అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట ఆడినోళ్లకి తెలుసు, పొడుగు కర్ర తేలిక, పెన్సిల్ నిలబెట్టడం మన వల్ల కాదు. పొట్టిది త్వరగా పడిద్ది. ఎత్తుని 9.8తో భాగించి వర్గమూలం తీస్తే ఒరుగు రెండున్నర రెట్లు పైనే పెరగడానికి పట్టే టైం వస్తదని పాప చెప్పింది. బరువు కేంద్రం మీటరు ఎత్తులో ఉండే గేదెకి 0.32 సెకను, 16 సెం.మీ. ఎత్తున్న మా దూడకి 0.13. అంటే గేదె తాపీగా చేసే పనిని ఇది రెండున్నర రెట్లు వేగంగా చేస్తేనే సమానం. మా సెర్వోలు 60 డిగ్రీలు తిరగడానికి ఏ లోడూ లేకుండా 6 వోల్టుల దగ్గర 0.14 సెకను, పైగా సిగ్నల్ వెళ్లేది 20 మిల్లీసెకన్లకి ఒకసారి. అప్పుడే నాకు ఇది అయ్యే పనిలా అనిపించలా, పైకి అనలేదు.

ఎంపీయూ6050 సెన్సర్ పెట్టాం, ఒరుగు ఎంతో చెప్పడానికి. అందులో గైరో ఎంత వేగంగా తిరుగుతోందో చెప్తది, యాక్సిలరోమీటర్ కింద ఎటో చెప్తది. గైరో ఒక్కటే నమ్మితే మెల్లగా దారి తప్పుతది, యాక్సిలరోమీటర్ ఒక్కటే నమ్మితే సెర్వోల వణుక్కి పిచ్చి లెక్కలు చెప్తది, అందుకని గైరోకి 98 పాళ్లు, రెండోదానికి 2 పాళ్లు కలిపి చూస్తున్నాం. కింద స్పాంజి టేపు వేశాక వణుకు చాలా తగ్గింది.

ఒరిగినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం నాకు భలే నచ్చింది. మార్క్ రైబర్ట్ అని, 1992లో బోస్టన్ డైనమిక్స్ అనే రోబోల కంపెనీ పెట్టినాయన, అంతకుముందు 1980ల్లో ఒంటికాలి మీద గెంతే యంత్రం చేశాడు. ఒకటే కాలు, ఆగితే పడిపోద్ది, ఆగకుండా గెంతుతూ నిలబడిద్ది. దాని కిటుకు, ఎటు పడుతుంటే పాదం అటు వేయడం. సైకిల్ నేర్పించేటప్పుడు ఎటు పడుతుంటే అటు హ్యాండిల్ తిప్పు అంటాం కదా, అదే. దూడకి కూడా కుడికి ఒరిగితే తర్వాత దిగే పాదాలు కుడికి దూరంగా దిగేలా పెట్టాం.

గోనెసంచి పరిచి వదిలాం. ఉన్నచోటే ఆరేడు అడుగులు టకటకా కొట్టింది, చెయ్యి పెట్టి పక్కకి నెడితే ఒక్కసారి నిజంగానే కాలు దూరంగా వేసి తట్టుకుంది, ఆ ఒక్కసారి ఇద్దరం కేక పెట్టాం. తర్వాత ఎనిమిదో అడుక్కి పడింది. ఇరవై సార్లు చేశాం, పది అడుగులు దాటలా. వెనక కుడి మోకాలు సెర్వోలోంచి కరకరా శబ్దం, విప్పి చూస్తే గేరు పళ్లు రెండు ఎగిరిపోయాయి. పాదం నేలకి తగిలినప్పుడు మోటారు వెనక్కి కొంచెం లొంగాలి, మా సెర్వోలో మోటారు పైన అన్ని గేర్లుంటే ఇంకేం లొంగుద్ది, దెబ్బంతా పళ్ల మీదే. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ల నాలుగు కాళ్ల రోబో మినీ చీతా 9 కిలోలుంటది, 2019లో వెనక్కి పిల్లిమొగ్గ వేసింది, దాని మోటార్లకి గేరు ఆరుకి ఒకటే (మోటారు ఆరు చుట్లకి కాలు ఒక చుట్టు), చేత్తో కాలు నెడితే మోటారు తిరుగుద్ది. ఆ మోటారు ఒక్కటి కొనే డబ్బుల్తో మా దూడలు ఎన్నొస్తాయో పాప లెక్క వేస్తుంటే వద్దన్నా. పరుగు ఇప్పటికి పక్కన పెట్టాం. పాప ఒప్పుకోలా, "పక్కన పెట్టడం కాదు మావయ్యా, వాయిదా" అంది.

జూన్ 15, ఆదివారం

మోకాలు సెర్వో మార్చా, గోడ మీద ఆ ఒక్క అంకె మారింది. నడక కోడ్‌లో పాప ఒకటే కలిపింది, కాలు లేపే ముందు సెన్సర్ ఒరుగు చూసుకుని, ఒళ్లు సరిపడా పక్కకి జరగకపోతే ఇంకో రెండు మి.మీ. జరిపి అప్పుడు లేపడం. దీంతో గచ్చు కాస్త వాటం ఉన్న చోట కూడా పడట్లేదు. మా హాలు నీళ్లు పోవడానికని వరండా వైపు వాలుంటది, ఆ సంగతి కట్టిన మేస్త్రి చెప్పలా, దూడ చెప్పింది.

అడుగు 5 సెం.మీ., ఒక చుట్టుకి 4 సెకన్లు. టీవీ దగ్గర్నించి గుమ్మం దాకా 2.4 మీటర్లు, మూడు నిమిషాల పైన పట్టింది, ఒక్కసారి కూడా పడలేదు. మధ్యలో మా ఆవిడ రెండుసార్లు దాని మీదుగా దాటి వెళ్లింది, రెండోసారి వంగి చెవి సరిచేసింది.

గుమ్మం దగ్గర ఆగింది. ముందు ఎడమ కాలు లేపి గడపకి తగిలించి, దింపి, ఒళ్లు ఊపి, కుడి కాలు లేపి తగిలించి, మళ్లీ ఎడమ. బ్యాటరీ అలారం కూసేదాకా అదే పని. పాప స్కేలు పెట్టి కొలిచింది, గోడ మీద నేను రాశా: గడప 4, కాలు 3.